కాలు తగిలింది, కింద పడ్డాను

ఇప్పుడు బాగానే ఉన్నాను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఎవరైనా తమ జబ్బు గురించి రాస్తే నేను మొదట చివరి పేరా చూస్తాను, వాళ్ళు కోలుకున్నారా లేదా అని. కోలుకున్నాను. ఒళ్ళంతా తీపులు, ఎడమ మోచేతి మీద పెద్ద కమిలిన మచ్చ. ఆ మచ్చ జబ్బుది కాదు. సల్మా అనే యాభై దాటిన ఆవిడ నన్ను విసిరేస్తే వచ్చింది.

నా పేరు సుధ. మాది తెనాలి. మస్కట్ దగ్గర అల్ మవాలేలో ఉంటాం. మా వారు కిరణ్‌కు బర్కా వైపు ఒక సైట్‌లో ఇంజనీరు ఉద్యోగం. పెళ్ళైన చాలా ఏళ్ళకు, నలభైకి దగ్గర పడుతుండగా నాకు చిన్ని పుట్టింది. అసలే భయస్తురాలిని. గ్యాస్ ఆపానో లేదోనని లిఫ్ట్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకం. అలాంటి నాకు కళ్ళు తిరిగే జబ్బు వచ్చింది. చిన్నిని పడుకోబెట్టాక, రోజూ కాస్త కాస్త రాస్తున్నాను. ఇదే జబ్బుతో మంచం పట్టుకుని ఫోన్‌లో వెతుక్కుంటున్న తల్లి ఎవరైనా ఉంటే, ఆమె కోసం.

జూన్

ఆ రోజు పప్పుకు తాలింపు వేస్తున్నాను. చిన్ని నా నడుం మీద ఉంది. ఆవాలు చిటపటలాడుతుండగా ఎదురుగా ఉన్న టైల్స్ గోడ పక్కకు జరిగింది. భూకంపం అనుకున్నాను. గోడ మళ్ళీ జరిగింది, మళ్ళీ, మళ్ళీ, ఆగకుండా. ఫ్రిజ్‌కు వీపు ఆనించి జారుతూ కూలబడ్డాను. చిన్ని ఒళ్ళోనే ఉంది, దానికేమీ కాలేదు. కానీ పొయ్యి వెలుగుతోంది. లేవబోతే ఇల్లంతా గిర్రున తిరుగుతోంది. కళ్ళు మూస్తే ఇంకా వేగంగా తిరుగుతోంది. ఒక చేత్తో పిల్ల గౌను గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తడుముకున్నాను.

"ఏవండీ, పొయ్యి..." అనగలిగాను, అంతే.

ఆయన బర్కా నుంచి రావాలి. అంత దాకా ఆగకుండా మా బిల్డింగ్ వాచ్‌మన్‌కు ఫోన్ చేశారు. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన పెద్దాయన. మేం తన దగ్గర ఉంచిన రెండో తాళంతో తలుపు తీసి, నేరుగా వెళ్ళి పొయ్యి ఆపి, మళ్ళీ గుమ్మం బయటికి వెళ్ళి నిలబడ్డాడు. మా వారు వచ్చేదాకా అక్కడి నుంచే చిన్నికి కోతి మొహాలు పెట్టి చూపిస్తూ నవ్వించాడు. నేను నేల మీద వాంతి చేసుకుంటుంటే నా పిల్ల పకపకా నవ్వుతోంది. ఆ నవ్వు వినపడుతున్నంతసేపూ ధైర్యంగా ఉంది.

క్లినిక్‌లో టోకెన్ ఇచ్చి కూర్చోమన్నారు. కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమైన పనో అప్పుడు తెలిసింది. మెడ నిలబడదు. గోడ మీద టీవీ, ఎదుటి మనుషులు, నంబరు చూపించే ఎర్ర దీపం, అన్నీ ఒకే వైపు కొట్టుకుపోతున్నాయి. పక్క కుర్చీలో నల్ల అబాయాలో ఒక ముసలావిడ ఉంది. నా పేరు అడగలేదు, ఏమైందనీ అడగలేదు. నా తలను చేత్తో లాగి తన భుజం మీద పెట్టుకుంది. ఆ బట్టల్లో సాంబ్రాణి వాసన. ఆవిడ నంబరు వచ్చినా లేవలేదని, నా నంబరు వచ్చేదాకా అలాగే కూర్చుందని తర్వాత మా వారు చెప్పారు.

డాక్టరమ్మ చెవి లోపలి సంగతి ఏదో చెప్పింది. మనిషిని నిలబెట్టే నరం ఒకటి వాచిందట. ప్రాణానికేం కాదు, తిరగడం కొద్ది రోజుల్లో తగ్గుతుంది, తూలడం పోవడానికి నెలలు పట్టవచ్చు అంది. నాకు మొదటి ముక్క ఒక్కటే వినపడింది. కారు ఎక్కాక మళ్ళీ అడిగి చెప్పించుకున్నాను.

జూలై, ఆగస్టు

అత్తయ్య విజిట్ వీసా మీద వచ్చారు. వచ్చిన రోజే ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశారు. వంటిల్లు, పిల్ల, మా వారి టిఫిన్ డబ్బా, అన్నీ చేతిలోకి తీసుకున్నారు. నేను గోడ పట్టుకుని నడిచేదాన్ని. మంచం నుంచి గోడ, గోడ నుంచి సోఫా. ఏసీ వేసి కర్టెన్లు దించిన ఇంట్లో ఆ రెండు నెలలూ గోడలతోనే కాపురం చేశాను.

చిన్నిని నిలబడి ఎత్తుకోవడం పూర్తిగా మానేశాను. కూర్చుంటేనే ఒళ్ళోకి తీసుకునేదాన్ని. ఎత్తుకుని ఉండగా మళ్ళీ గోడ జరిగితే? పిల్లలు ఎంత త్వరగా నేర్చుకుంటారో చూడండి. ఎక్కడికైనా వెళ్ళాలంటే, "మామ్మా, ఎత్తుకో" అని వాళ్ళ నాయనమ్మ దగ్గరికి పరుగెత్తేది. నా దగ్గరికి వస్తే ముందు నా చీర కుచ్చిళ్ళు లాగి, "అమ్మా, కూచో" అనేది. కూర్చున్నాకే వచ్చి ఎక్కేది. రెండేళ్ళు నిండని పిల్ల నాకు జాగ్రత్తలు చెబుతోంది.

ఆగస్టులో డాక్టరమ్మ పరీక్ష చేసి, నరం బాగానే సర్దుకుందంది. "మీరు తలను గాజు సామానులా మోస్తున్నారు. తిప్పండి, వంగండి. కదపకపోతే మెదడు నేర్చుకోదు" అని కొన్ని ఎక్సర్‌సైజులు చెప్పింది. రెండు సార్లు తల తిప్పితే తూలు వచ్చేది. భయం వేసి ఆపేసేదాన్ని.

ఒక రోజు భోజనాల దగ్గర అత్తయ్య మెల్లగా కదిపారు.

"ఒరే కిరణూ, నవంబరు ఆఖరుకి నా వీసా అయిపోతుందిగా. ఇంక పొడిగించరన్నావు. పిల్లని నాతో తెనాలి తీసుకుపోతా. ఓ ఏడాది ఉంచుకుంటా."

మా వారు అన్నం కలుపుతూ ఉండిపోయారు. కాదనలేదు.

"అదేంటండీ, ఏం మాట్లాడరు?" అన్నాను.

"ఏం మాట్లాడమంటావు సుధా? నేను పొద్దున డ్యూటీకి పోతే రాత్రికి వస్తా. నువ్వేమో బాత్రూమ్‌కి కూడా గోడ పట్టుకునే వెళ్తున్నావు. వీడియో కాల్‌లో రోజూ చూసుకోవచ్చు కదా."

"నిన్ననటం కాదమ్మా," అన్నారు అత్తయ్య, నా కంచంలో పెరుగు వేస్తూ. "ఒంట్లో బాగాలేకపోతే నువ్వేం జేస్తావ్? కానీ ఆ పొయ్యి సంగతి తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లా. ఎవరికి వదిలిపెట్టి పోను?"

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఇక్కడ ఎంతమంది పిల్లలు అమ్మమ్మల దగ్గరా నాయనమ్మల దగ్గరా పెరగడం లేదు? అందరూ బాగానే ఉంటారు. కానీ చిన్ని కోసం నేను ఎన్ని ఏళ్ళు ఎదురుచూశానో నాకు తెలుసు. నవంబరు లోపల పిల్లను ఎత్తుకుని నిలబడగలగాలి. లేకపోతే అది వెళ్ళిపోతుంది. ఆ రోజు నుంచి నాకు ఇదొక్కటే ఆలోచన.

సెప్టెంబరు

మా ఇంటికి దగ్గర్లో సూపర్ మార్కెట్ మీద ఆడవాళ్ళ జిమ్ ఉంది. ఎక్సర్‌సైజులు ఎవరి ఎదుటైనా చేస్తే సిగ్గుకైనా మానకుండా చేస్తానని, మా వారు కింద దింపితే గోడ పట్టుకుని పైకి వెళ్ళాను. జుంబా ఎప్పుడుంటుందో అడుగుదామని ఒక తలుపు తోశాను. లోపల నీలం మ్యాట్ల మీద, తెల్లకోట్లు వేసుకున్న ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు కావాలని కింద పడుతున్నారు. పడి, చేత్తో మ్యాట్‌ను దబ్బున కొట్టి, లేచి, మళ్ళీ పడుతున్నారు. ఒక అడుగు వెనక్కి వేశాను. తలుపు మాత్రం వెయ్యలేదు.

నేర్పే అమ్మాయి పేరు మర్యమ్. ఒమానీయే, ఎప్పుడో బలూచిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన బలూచీ కుటుంబం. ఇంట్లో వాడే ఉర్దూతో మాలాంటి వాళ్ళతో చక్కగా హిందీ మాట్లాడుతుంది. బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతుందట. నా కంటే బాగా చిన్నది.

"ఇది జూడో. వస్తారా?"

"నాకు కళ్ళు తిరిగే జబ్బు. పడతానని భయం."

"మొదటి నెలంతా పడటమే నేర్పుతాను. ఎవరూ ఎవరినీ పట్టుకోరు," అని, "డాక్టర్‌ను అడిగి రండి," అంది.

అడిగాను. ఇది చదివి నేరుగా మ్యాట్ ఎక్కకండి, మీరూ అడగండి. డాక్టరమ్మ మొదట నవ్వి, తర్వాత ఆలోచించి, మెల్లగా మొదలుపెట్టమంది.

కోటు ఇంటికి తెచ్చిన రోజు చూడాలి అత్తయ్యను.

"ఏంటే ఇది? కాంపౌండరు ఉద్యోగమా?"

"జూడో అత్తయ్యా. కుస్తీ లాంటిది."

"నలభై ఏళ్ళొచ్చాక కుస్తీ పట్లా! నడవలేనమ్మ కుస్తీ పడతదా! ఒరే కిరణూ, ఇటు రా, నీ పెళ్ళాం పహిల్వానయిందిరా."

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఆ ప్యాంటు నా కాళ్ళకు పొడుగైందని, అడక్కుండానే మడిచి కుట్టి పెట్టారు.

మొదటి పాఠం నేల మీద కూర్చుని వెనక్కి వాలడం. గడ్డం ఛాతీకి ఆనించి, నడుం దగ్గరి బెల్టు ముడి వైపు చూస్తూ వాలాలి, చేతులతో మ్యాట్ కొట్టాలి. నేను వాలగానే సీలింగ్ జరిగేది. కళ్ళు మూసుకునేదాన్ని. మర్యమ్ నా పక్కన పడుకుని, "ఆ ట్యూబ్‌లైటు చూడండి. అది ఎక్కడికీ పోదు," అనేది. అది పోయేది. కాసేపటికి తిరిగొచ్చేది. రోజులు గడిచేకొద్దీ తొందరగా తిరిగొచ్చేది. కూర్చుని పడటం అయ్యాక గొంతుక్కూర్చుని పడటం, తర్వాత నిలబడి పక్కకు పడటం. ప్రతిసారీ పడేముందు ఊపిరి బిగబట్టి, ఇప్పుడు పడబోతున్నానని నాకు నేను చెప్పుకుని, అప్పుడు పడేదాన్ని. చెప్పకుండా పడటం నా వల్ల కాదని నాకు గట్టి నమ్మకం.

అక్టోబరు

ఇద్దరిద్దరుగా ఆడించడం మొదలైంది. నాకు జోడీ సల్మా. బలూచీ ఆవిడే, బ్యాంకులో పనిచేసి మానేసింది. ఇద్దరు మనవలు. భారీ మనిషి, నవ్వితే మ్యాట్ కదులుతుంది. డాక్టర్ షుగరుకు నడవమంటే నడక విసుగని ఇక్కడికి వచ్చిందట.

ఆ వారం పాఠం కాలితో తియ్యడం. ఎదుటి మనిషి అడుగు వేస్తుండగా, ఆ పాదం నేలకు ఆనేలోపు మన అరికాలితో చీలమండ దగ్గర తోయాలి. చూడటానికి తేలిక. నేను సల్మా కోటు పట్టుకుని, కాలు చాపాను, తగిలింది. తగలగానే కోటు వదిలేసి వంగి, ఆవిడ కాలిని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాను.

సల్మా కిందికి చూసింది. "ఏంటది? నా కాలికి దుమ్ముందా?"

"లేదు, లేదు. సారీ."

మళ్ళీ పట్టుకున్నాం. మళ్ళీ కాలు తగిలింది, మళ్ళీ వంగాను. ఊహ తెలిసినప్పటి నుంచి ఉన్న అలవాటు. బస్సులో ముక్కూ మొహం తెలియని వాళ్ళకు తగిలినా, పుస్తకానికి తగిలినా చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది. కాలితో కొట్టమని డబ్బు కట్టి నేర్చుకుంటూ, కొట్టిన ప్రతిసారీ దణ్ణం పెడుతున్నాను. హాల్లో అందరూ ఆగిపోయి మమ్మల్నే చూస్తున్నారు.

"మా వాళ్ళలో పెద్దవాళ్ళకు కాలు తగలకూడదు, అందుకని," అన్నాను హిందీలో.

"పెద్దవాళ్ళా!" సల్మా రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "మర్యమ్, విన్నావా? నేను ముసలిదాన్నట. యల్లా హబీబ్తీ, రా తల్లీ రా, ఇప్పుడు చెబుతా నీ సంగతి."

మళ్ళీ పట్టుకున్నాం. నా కాలు తగిలింది. నేను వంగాను. సల్మా ఈసారి నా చెయ్యి వదల్లేదు. వంగుతున్న నన్ను అలాగే పట్టుకుని, తన కాలితో నా కాలు నేల మీంచి తీసేసింది.

దబ్.

వెల్లకిలా ఉన్నాను. గడ్డం ఛాతీకి ఆని ఉంది. అరచెయ్యి మ్యాట్‌ను కొట్టి చురచురమంటోంది. ఊపిరి బిగబట్టలేదు, పడబోతున్నానని చెప్పుకోలేదు. దణ్ణం పెట్టుకునే హడావుడిలో భయపడే తీరిక దొరకలేదు. ట్యూబ్‌లైటు కోసం చూశాను. ఉన్నచోటే ఉంది. చిన్నగా కూడా కదల్లేదు.

నవ్వు మొదలైంది. పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉన్నాను, లేవలేకపోయాను. నాకేదో అయిందని సల్మా కంగారుగా మోకాళ్ళ మీద కూలబడి, "దెబ్బ తగిలిందా? మాఫ్ కర్నా, మాఫ్ కర్నా!" అంటోంది. "ఇంకోసారి పడెయ్యండి," అన్నాను. పడేసింది. ఇంకోసారి. ఆ రోజు నాకు చాలనిపించలేదు. పండక్కి కొత్త బట్టలు వేసుకున్న పిల్లలా ఉన్నాను.

క్లాసు అయ్యాక మర్యమ్ పిలిచింది. "మనం మొదలుపెట్టేముందు ఒకరికొకరు వంగుతాం కదా. మీ దణ్ణం అప్పుడే పెట్టేసుకోండి. తర్వాత తగలబోయే తన్నులన్నిటికీ కలిపి ముందే క్షమాపణ. సరేనా?"

సరేనన్నాను. మరుసటి క్లాసు నుంచి అందరూ వంగితే నేను వంగి దణ్ణం కూడా పెట్టేదాన్ని. సల్మా కూడా ఎదురు దణ్ణం పెట్టి, "ఇప్పుడు ఎంతైనా కొట్టుకోవచ్చు," అనేది.

ఇంట్లో గోడలు వదిలేశాను. మొదట గమనించింది మా వారు. నేను కాఫీ గ్లాసులు రెండు చేతుల్లో పట్టుకుని హాల్లోకి వస్తే, గ్లాసు అందుకోవడం మర్చిపోయి నా వైపే చూస్తూ కూర్చున్నారు.

నవంబరు

వాతావరణం చల్లబడింది. సాయంత్రాలు బాల్కనీ తలుపు తీసి పెట్టుకునే రోజులు వచ్చాయి. మా క్లాసులో కొత్త పాఠం. ఎదుటి మనిషికి చటుక్కున వీపు తిప్పి, వాళ్ళను మన నడుం మీదికి ఎక్కించుకుని, ముందుకు దించాలి. సగం చుట్టు తిరగాలి. జూన్ నుంచి నేను ఏ పనికి భయపడ్డానో సరిగ్గా అదే పని. కొన్ని క్లాసుల తర్వాత సల్మాను ఎక్కించుకున్నాను. అంత మనిషీ నా మీదుగా దూదిమూటలా వెళ్ళి పడితే, నాకంటే ఆవిడే ఎక్కువ సంతోషపడింది.

కానీ చిన్నిని ఎత్తుకోలేదు. ఒకసారి ఎత్తబోయి, చంకల కింద చేతులు వేసి, అది నేల వదలగానే దించేశాను. "అంతలావు మనిషిని విసిరేస్తున్నావ్, పిల్ల బరువా?" అన్నారు మా వారు. బరువు కాదు. సల్మాకు పడటం వచ్చు. చిన్నికి రాదు. నేను తూలితే తన మెడ తను కాచుకోలేదు. ఇది ఆయనకు ఎంత చెప్పినా అర్థం కాలేదు.

అత్తయ్య సూట్‌కేసులో చిన్ని గౌన్లు ఒక్కొక్కటే చేరుతున్నాయి. తెనాలిలో రాత్రులు చలిగా ఉంటుందని స్వెట్టర్ కూడా కొన్నారు. నేను కాదనలేకపోయాను, సరేనని కూడా అనలేదు. ఆ సూట్‌కేసు ఉన్న గదిలోకి వెళ్ళడం మానేశాను.

ఒక గురువారం ఊరికి తీసుకువెళ్ళే సామాన్లు కొనాలని అందరం కలిసి బయల్దేరాం. టాంగ్ డబ్బాలు, పాలపొడి, ఖర్జూరాలు. ముందు నా క్లాసు, తర్వాత కొనుగోళ్ళు. మగవాళ్ళను పైకి రానివ్వరు కాబట్టి మా వారు కింద సూపర్ మార్కెట్‌లో ఉండిపోయారు. టికెట్లు ఆ సాయంత్రమే బుక్ చేస్తానన్నారు. అత్తయ్య, చిన్ని నాతో పైకి వచ్చారు. అత్తయ్య గోడ పక్కన కుర్చీలో కూర్చుని, చిన్నిని ఒళ్ళో పెట్టుకుని, ముక్కు మీద వేలేసుకుని చూస్తున్నారు.

నేను సల్మాకు దణ్ణం పెట్టి, పట్టుకుని, తిరిగి, విసిరాను. దబ్.

"ఓర్నాయనో!" అన్నారు అత్తయ్య.

ఆవిడ చేతులు సడలాయేమో, చిన్ని ఒళ్ళోంచి జారి, చెప్పుల్లేని కాళ్ళతో మ్యాట్ మీదికి పరుగెత్తుకొచ్చింది. నేరుగా నా ముందుకొచ్చి నిలబడి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

"అమ్మా, నన్ను. దబ్."

అందరూ నవ్వారు. నేను మర్యమ్ వైపు చూశాను, వద్దంటుందేమోనని. ఆ అమ్మాయి భుజాలు ఎగరేసి, "దణ్ణం పెట్టింది కదా," అంది. సల్మా పక్కకు జరిగి చోటిచ్చింది.

వెనక్కి వెళ్ళమని పిల్లకు చెప్పి ఉండవచ్చు. చెబుదామనే నోరు తెరిచాను. చిన్ని అప్పటికే నా చెయ్యి పట్టుకుంది, సల్మా పట్టుకున్నట్టే, కోటు చేతి అంచు దగ్గర. నేను మోకాళ్ళు వంచాను. దాని నడుం చుట్టూ చెయ్యి వేశాను. తిరిగాను. చిన్ని పాదాలు నేల వదిలాయి. దాని బరువంతా నా నడుం మీదికి వచ్చింది. వెచ్చగా, కదులుతూ, పిండి బస్తాలా కాదు, పిల్లలా. హాలు నాతో పాటు తిరిగింది. నేను ఆగాను, హాలూ ఆగింది. మెల్లగా, చెయ్యి వదలకుండా మ్యాట్ మీద దించాను. అది వెల్లకిలా పడుకుని, గడ్డం ఛాతీకి ఆనించుకుని, రెండు చేతులతో మ్యాట్‌ను గట్టిగా చరిచింది. ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకుంది.

"మళ్ళీ!"

మళ్ళీ ఎత్తాను. ఈసారి దించకుండా నడుం మీదే ఉంచుకుని, నిటారుగా నిలబడ్డాను. ఏ గోడా దగ్గర్లో లేదు. హాలు మధ్యలో ఉన్నాను. చిన్ని నా మెడ చుట్టూ చేతులు వేసి, కాలితో నా పక్కటెముకల మీద తన్నుతోంది, దించమని కాదు, విసరమని.

అత్తయ్య లేచి నిలబడ్డారు. బ్యాగ్‌లోంచి ఫోన్ తీసి, హాలంతా వినపడేలా మాట్లాడటం మొదలుపెట్టారు.

"ఒరే కిరణూ, టికెట్లు తీశావా? తియ్యలా? మంచిపని చేశావ్. ఒకటే తియ్యి. ఒక్కటేరా, నా ఒక్కదానికే. ఎందుకేంటి, పైకొచ్చి నువ్వే చూడు... ఆగాగు, రాకు, రాకు, ఆడవాళ్ళున్నారిక్కడ! ఒకటే తియ్యి, అంతే."

ఫోన్ పెట్టేసి, పైట చెంగుతో మొహం తుడుచుకుని, నా వైపు చెయ్యి ఊపారు.

"ఏంటే అలా చూస్తావ్? పిల్ల అడుగుతుంటే. పడెయ్యి."